నల్లమట్టి ఉంది, దున్నే మనుషులేరీ?

ఉక్రెయిన్ యుద్ధం అనగానే మన ఊళ్ళలో ముందుగా గుర్తొచ్చేది 2022లో పొద్దుతిరుగుడు నూనె లీటరు దాదాపు రూ.200కు ఎగబాకిన సంగతి. ఆ తర్వాత గుర్తొచ్చేది అక్కడ డాక్టరీ చదువుకు వెళ్ళి, బంకర్లలో తలదాచుకొని, సరిహద్దులు దాటి ఇల్లు చేరిన మన పిల్లలు. మన పిల్లలు ఇంటికి వచ్చేశారు. ఆ దేశపు పల్లెలు విడిచి వెళ్ళిన లక్షలాది మంది మాత్రం ఇంకా ఇల్లు చేరలేదు. తుపాకుల లెక్కలు పత్రికలు రాస్తూనే ఉన్నాయి. పొలానికి వెళ్ళే మనుషుల లెక్క రైతు సంఘంగా మనం చూడాలి.

1991లో సోవియట్ యూనియన్ నుంచి విడివడిన నాటికి ఉక్రెయిన్ జనాభా సుమారు 5.2 కోట్లు. స్వతంత్ర దేశంగా అది జరిపిన ఒకే ఒక్క జనగణన 2001 నాటిది. అప్పటికే జనం 4.84 కోట్లకు తగ్గారు. 2014 నుంచి చూస్తే తగ్గుదల కోటికి పైనేనని, అందులో 80 లక్షల దాకా 2022 ఫిబ్రవరిలో రష్యా పూర్తిస్థాయి దాడికి దిగిన తర్వాతేనని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2024లో ప్రకటించింది. దేశం దాటి వెళ్ళినవారు 60 లక్షల పైమాటే. ఇంకా లక్షలాది మంది సొంత దేశంలోనే ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు చెదిరిపోయారు. 2024లో అక్కడ పుట్టిన పిల్లలు సుమారు 1.77 లక్షలు, పోయిన వారు సుమారు 4.95 లక్షలు. ఒక ఊయల ఊగేలోగా దాదాపు మూడు పాడెలు లేస్తున్నాయన్న మాట.

ఈ ఖాళీ అంతా యుద్ధమే తెచ్చిందనుకుంటే పొరపాటు. 1932-33లో స్టాలిన్ ప్రభుత్వం రైతుల గాదెలు ఊడ్చుకుపోతే లక్షలాది మంది ఆకలితో చచ్చిపోయిన నేల అది. తొంభైల్లో సమష్టి క్షేత్రాలు రద్దయ్యాయి. వాటితో పాటు పల్లెల్లో పని పోయింది. పడుచువాళ్ళు పోలండ్‌లో స్ట్రాబెర్రీలు, ఆపిల్ పళ్ళు కోసే కూలికి పోయారు. నడివయసు ఆడవాళ్ళు ఇటలీ వెళ్ళి ముసలివాళ్ళకు సేవ చేసి, ఆ డబ్బు ఇంటికి పంపారు. ఇళ్ళ దగ్గర మిగిలింది అవ్వలు, తాతలు, మనవలు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వలస బళ్ళు కదలడం చూసిన మనకు ఈ బొమ్మ కొత్తది కాదు. అసలే సన్నగిల్లిన ఆ పల్లె మీద యుద్ధం వచ్చి పడింది.

యుద్ధం మొదలైంది మొదలు 18 నుంచి 60 ఏళ్ళ లోపు మగవాళ్ళు దేశం దాటరాదన్నారు. 2025లో 22 ఏళ్ళ లోపు వారికి ఈ కట్టడి సడలించారు. సైన్యంలోకి తప్పనిసరిగా పిలిచే వయసును 2024 ఏప్రిల్‌లో 27 నుంచి 25కు దించారు. దాంతో ఒక్కో కుటుంబం రెండు ముక్కలైంది. భర్త యుద్ధంలో, భార్యాబిడ్డలు జర్మనీలోనో పోలండ్‌లోనో. ట్రాక్టర్ నడిపేవాడు, కోత మిషను తోలేవాడు సైన్యంలోకి పోయాడు. పెద్ద కంపెనీలు ‘కీలక సంస్థ’ హోదా తెచ్చుకొని తమ పనివాళ్ళలో కొందరిని నిలబెట్టుకోగలవు. పది, ఇరవై ఎకరాల రైతుకు అంత పలుకుబడి ఎక్కడిది? చాలాచోట్ల ఆడవాళ్ళే ట్రాక్టర్ తోలడం నేర్చుకొని సేద్యం గట్టెక్కిస్తున్నారు.

ఆ సేద్యమూ ప్రాణాలతో చెలగాటమే. మందుపాతరలు, పేలని గుండ్లు ఉండవచ్చని అనుమానించిన నేల ఒక దశలో 1,74,000 చదరపు కిలోమీటర్లు. అంటే మన ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దది. 2023 జూన్ 6న కఖోవ్కా ఆనకట్ట కూలిపోవడంతో దక్షిణాన మూడు ప్రాంతాల కాలువలు ఎండిపోయాయి. ఆ జలాశయం కింద తడిసిన భూమి 14 లక్షల ఎకరాలకు పైనే. నీళ్ళు లేని ఆయకట్టుకు రైతు ఎందుకు తిరిగి వస్తాడు?

మనం ఎక్కువగా ఆలోచించాల్సింది భూమి సంగతి. సమష్టి క్షేత్రాలను పంచినప్పుడు దాదాపు 70 లక్షల మందికి తలా ఒక వాటా దక్కింది. సగటున పది ఎకరాలు. పెట్టుబడి లేక చాలామంది ఆ వాటాను పెద్ద కంపెనీలకు కౌలుకిచ్చారు. అయినా భూమి చేయి దాటకుండా 2001 నుంచి అమ్మకాలపై నిషేధం అడ్డు నిలిచింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి అప్పు షరతుల ఒత్తిడిలో 2020లో చట్టం మార్చారు. 2021 జూలై నుంచి మనిషికి 100 హెక్టార్ల దాకా కొనవచ్చన్నారు. 2024 జనవరి 1 నుంచి కంపెనీలు 10,000 హెక్టార్ల దాకా కొనవచ్చన్నారు. విదేశీయులకు ప్రజాభిప్రాయ సేకరణ లేకుండా అమ్మరాదన్న నిబంధన ఉన్న మాట నిజమే. కానీ కొనే మొదటి హక్కు కౌలుదారుది. ఆ కౌలుదారు చాలాచోట్ల పెద్ద కంపెనీయే. భూయజమాని కందకంలోనో, పరాయి దేశంలోనో, మంచం మీదో ఉన్న కాలంలో ఈ రెండో తలుపు తెరిచారు. ఇల్లు గడవక అమ్ముకున్నవాడు యుద్ధం ఆగాక ఏ భూమికి తిరిగి వస్తాడు?

ఈ యుద్ధం రైతు మీదికి రైతును ఉసిగొల్పింది కూడా. నల్లసముద్రం దారి మూతపడి ఉక్రెయిన్ ధాన్యం పోలండ్ మీదుగా వెళితే, అక్కడ ధర పడిపోయి పోలండ్ రైతులు సరిహద్దులో ట్రక్కులను ఆపారు. ఆ కోపంలో న్యాయం ఉంది. అయితే నష్టపోయింది రెండు వైపులా రైతే, మిగుల్చుకున్నది నడుమనున్న వ్యాపారే. ఆ వేడి మన దాకా వచ్చింది. 2022లో నూనె ధర చూసి మురిసినవాళ్ళు 2023 వేసవికి చవక దిగుమతుల దెబ్బ చూశారు. క్వింటాలుకు రూ.6,400 మద్దతు ధర ప్రకటించిన పొద్దుతిరుగుడు గింజలను అంతకంటే ఎంతో తక్కువకు అమ్ముకోవాల్సి వచ్చి, హర్యానాలో కురుక్షేత్ర రైతులు జాతీయ రహదారి మీద బైఠాయించారు. లాఠీలు తిన్నారు.

యుద్ధం ఆగితే అందరూ వచ్చేస్తారని నమ్మే వీలు లేదు. పిల్లలు కొత్త బడిలో, కొత్త భాషలో కుదురుకున్న కొద్దీ తిరుగు దారి దూరమవుతుంది. రావాలంటే పాతరలు తీసిన పొలం కావాలి, నీళ్ళు పారే కాలువ కావాలి, చిన్న రైతుకు అప్పు పుట్టాలి, తన పేరున భూమి ఉండాలి. ఉక్రెయిన్ రైతుకు కావలసినవి ఇవి. ఏ దేశపు పల్లె నిలవాలన్నా కావలసినవీ ఇవే.

మా వైఖరి స్పష్టం. పరాయి నేల మీద దాడి ఆగాలి. శాంతి చర్చలు జరగాలి, కానీ అవి ఆ నేల మీద బతికే జనం తలల మీదుగా సాగకూడదు. పునర్నిర్మాణం పేరుతో రైతు భూమి కంపెనీల పాలు కాకూడదు.

ఇక్కడ మనం చేయాల్సిన పనులు రెండున్నాయి. నూనెగింజలకు మద్దతు ధర చట్టబద్ధం కావాలని, పంట చేతికొచ్చే వేళ దిగుమతి సుంకం తగ్గించరాదని ప్రతి మండల కమిటీ తీర్మానం చేసి పంపాలి. రెండోది ఇంకా దగ్గరి విషయం. ఉద్యోగమని నమ్మించి రష్యాకు తీసుకుపోయి సైన్యంలో చేర్చిన భారతీయుల్లో తెలంగాణ కుర్రాళ్ళు కూడా ఉన్నారు. హైదరాబాద్ యువకుడొకరు 2024లో ఆ యుద్ధంలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. సేద్యం గిట్టని ఇంటి పిల్లలే ఏజెంట్ల మాటలకు ముందుగా చిక్కుతారు. మీ ఊళ్ళో ఎవరైనా అలాంటి ప్రయాణానికి డబ్బు కడుతున్నారని తెలిస్తే, వెళ్ళకముందే సంఘం దృష్టికి తీసుకురండి.