టైరు దీపం ఆర్పేసినవాడి గోడు

మా ఆవిడ కారు డ్యాష్‌బోర్డు మీద ఓ పసుపుపచ్చ బొమ్మ ఉంది. పైన మూతి తెరుచుకున్న చిన్న గిన్నె, దాని మధ్యలో ఓ ఆశ్చర్యార్థకం. మొదటిసారి చూసినప్పుడు ఎక్కడో పాలు పొంగిపోతున్నాయని చెప్తోందేమో అనుకున్నాను. తీరా చూస్తే అది టైరుని అడ్డంగా కోస్తే కనపడే ఆకారమట. "గాలి తగ్గింది నాయనా" అని చెప్పడానికి ఇంత చిత్రలేఖనం ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు.

పోయిన జనవరిలో ఓ రోజు పొద్దున్నే ఆవిడ కారు స్టార్టు చేసి మళ్ళీ లోపలికొచ్చి, "ఏమండీ, ఆ గిన్నె వెలిగింది" అంది. నాకప్పుడు ఇండియా టీముతో కాల్ ఉంది. చెవులకి హెడ్‌సెట్టు, కాళ్ళకి హవాయి చెప్పులు, బయట ఎనిమిది డిగ్రీలు (ఫారెన్‌హీట్ లెండి, మా మిషిగన్‌లో సెల్సియస్ చెప్పుకుంటే ఇంకా ఏడుపొస్తుంది). "చలికి అలాగే వస్తుందిలే" అంటూ వెళ్ళి, స్టీరింగు పక్కనున్న మీట కాసేపు నొక్కి పట్టుకున్నాను. దీపం రెండుసార్లు మిణుకుమని ఆరిపోయింది. చూశావా అన్నట్టు ఓ మొహం పెట్టి కాల్లోకి వెళ్ళిపోయాను.

తొమ్మిది రోజుల తర్వాత మా వాణ్ణి ఈత క్లాసుకి తీసుకెళ్తుంటే ఐ-94 మీద కారు కుడి పక్కకి లాగడం మొదలెట్టింది. దీపం కూడా అప్పుడే వెలిగిందట. ఆవిడ ఎలాగో షోల్డరు మీదకి తెచ్చి ఆపింది. టో ట్రక్కు వచ్చేదాకా యాభై నిమిషాలు, ఆరేళ్ళ పిల్లాడితో, పక్కనుంచి పద్దెనిమిది చక్రాల బళ్ళు పోతుంటే కారు ఊగుతుంటే, అలా కూర్చుంది. ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదు కాబట్టే ఇది ఇలా రాయగలుగుతున్నాను.

టైరు షాపతను ఊడదీసి చూపించాడు. ట్రెడ్‌లో పాత మేకు ఒకటి. లోపల చెయ్యిపెట్టి గుప్పెడు నల్లటి పొడి బయటికి తీశాడు. టైరు పక్కగోడ నలిగి నలిగి పొడైపోయిన రబ్బరది. "దీపం వెలగలేదా?" అని అడిగాడు. మా ఆవిడ నాకేసి చూసింది.

ఆ రాత్రి కూర్చుని ఆ దీపం వెనకాల ఏముందో చదివాను. ముందే చదవాల్సింది, ఒప్పుకుంటాను.

ఇందులో రెండు జాతులున్నాయి. ఒకటి, చక్రం లోపల వాల్వుకి అతుక్కుని ఓ చిన్న పీడన మీటరు, రేడియో, బ్యాటరీ. బండి కదిలితే నిద్రలేచి, నిమిషానికోసారో అటూ ఇటుగానో "నా నెంబరిది, నా గాలి ఇంత" అని కారుకి కబురు పంపుతుంది. నా కారులో ఉన్నది ఇదే. బ్యాటరీ ఐదు నుంచి పదేళ్ళు వస్తుంది. అయిపోతే బ్యాటరీ ఒక్కటే మార్చడానికుండదు, అంతా కలిపి సీలు చేసేస్తారు గనక మొత్తం పారేసి కొత్తది కొనాల్సిందే. ఈ కబుర్లకి తాళం గీళం ఏమీ లేవని, నలభై మీటర్ల దూరం నుంచి వినొచ్చని, దొంగ కబురు పంపి దీపం వెలిగించొచ్చని 2010లో రట్గర్స్, సౌత్ కరొలైనా విశ్వవిద్యాలయాల వాళ్ళు చేసి మరీ చూపించారు. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకది భలే నచ్చింది గానీ, ఈ పూట నా బాధ అది కాదు.

రెండోది మా ఆవిడ కారులోది. దీనికి చక్రాల్లో ఏమీ ఉండదు. అసలు గాలిని కొలవనే కొలవదు! ఏబీఎస్ బ్రేకుల కోసం ఎలాగూ ప్రతి చక్రం వేగం కొలుస్తారు కదా, ఆ లెక్కలే వాడుకుంటుంది. గాలి తగ్గిన టైరు వెంట్రుకవాసి చిన్నదవుతుంది, చిన్నదైతే అదే దూరానికి మిగతావాటికన్నా కాస్త ఎక్కువ తిరుగుతుంది. కొత్తవి టైరు కంపనాన్ని కూడా చూస్తాయి. మంచి ఆలోచనే, చవక కూడా. కాకపోతే "మామూలు" అంటే ఏమిటో దానికి మనం చెప్పాలి. ఆ చెప్పే మీటే నేను నొక్కింది. ఆ మీటకి అర్థం "దీపం ఆర్పు" అని కాదు. "ఇప్పుడున్న గాలే సరైన గాలి, ఇది నేర్చుకో" అని.

అంటే ఏం చేశానన్నమాట? తలుపు పక్కన అంటించిన చీటీ ప్రకారం ఆ కారుకి 32 పౌన్లుండాలి. నేను మీట నొక్కిన రోజు ఆ చక్రంలో 24 ఉందనుకుందాం (కొలవలేదుగా, తెలీదు). నాలుగో వంతు తగ్గితే చెప్పాలన్నది నియమం. 32లో నాలుగో వంతు పోతే 24, కాబట్టి దీపం సరిగ్గానే వెలిగింది. నేను 24నే మామూలు చేశాను. ఇక అందులోంచి నాలుగో వంతు పోతే, అంటే 18కి దిగితే గానీ అది నోరెత్తదు. పద్దెనిమిది పౌన్ల మీద హైవేలో డెబ్భై మైళ్ళ వేగం. ఆ గుప్పెడు పొడి అలా వచ్చింది.

ఆఫీసులో ఇదే పని ఎవరైనా చేస్తే ఊరుకుంటానా? సర్వరు డిస్కు నిండిపోతోందని అలారం వస్తే, డిస్కు ఖాళీ చెయ్యకుండా అలారం గీతని పైకి జరిపిన కుర్రాడికి ఓసారి నేనే అరగంట క్లాసు పీకాను.

తప్పు నాదే. అయినా ఆ మీట అలా పెట్టిన వాళ్ళది బొత్తిగా లేదంటే నేనొప్పుకోను. "గాలి కొట్టారా? నాలుగూ కొలిచారా?" అని ఒక్క ప్రశ్న తెర మీద అడగడానికి ఏం పోయింది? పాటల వాల్యూమ్ మార్చినంత సులువుగా, పిల్లల ప్రాణాలకి సంబంధించిన గీతని చెరిపి కింద గియ్యనిస్తారా? అది మాన్యువల్లో రాసుందట. మాన్యువల్ గ్లోవ్‌బాక్సులో ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది.

ఈ దీపం ఊరికే రాలేదు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచింది, ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లకి వేసినవి. ట్రెడ్ ఊడొచ్చి బళ్ళు పల్టీలు కొట్టి అమెరికాలోనే 270 మందికి పైగా పోయారు. 26 పౌన్లు చాలని కారు కంపెనీ, 30 ఉండాలని టైరు కంపెనీ ఒకళ్ళ మీద ఒకళ్ళు చెప్పుకున్నారు. ఆ ఏడాది నవంబరులోనే చట్టమొచ్చింది. 2002లో రాసిన నియమంలో ఒక్క టైరు తగ్గినప్పుడు పట్టుకుంటే చాలనే వెసులుబాటొకటి పెట్టారు. పబ్లిక్ సిటిజెన్ అనే వినియోగదారుల సంస్థ కోర్టుకెళ్తే 2003లో అది కొట్టేశారు. చివరికి 2005లో, నాలుగింటిలో ఎన్ని తగ్గినా, నాలుగో వంతు తగ్గితే, ఇరవై నిమిషాల్లోపు చెప్పాలని తేల్చారు. 2007 సెప్టెంబరు నుంచి ఇక్కడ తయారయ్యే ప్రతి కొత్త కారుకీ ఇది తప్పనిసరి. అంతమంది పోయి, అన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగి సంపాదించిన దీపాన్ని నేను హవాయి చెప్పులతో వెళ్ళి ఆర్పేశాను.

ఇహ "చలికి వస్తుందిలే" సంగతి. మనవాళ్ళందరం అనే మాటే ఇది. చలికి రావడం నిజమే, పది ఫారెన్‌హీట్ డిగ్రీలకి సుమారు ఒక పౌను పడిపోతుంది. సెప్టెంబరులో 70 డిగ్రీలప్పుడు 32 కొట్టిస్తే జనవరిలో 8 డిగ్రీలకి 26 దగ్గరికొస్తుంది. కానీ చలికి వచ్చిందంటే దీపం అబద్ధమాడుతోందని కాదు కదా! గాలి నిజంగానే తక్కువుంది. మనల్ని మోసం చేసేదేమిటంటే, పది మైళ్ళు పోయాక టైరు వేడెక్కి, పీడనం పెరిగి, దీపం దానంతటదే ఆరిపోతుంది. అలా నాలుగు శీతాకాలాలు గడిస్తే మేకు దిగినరోజు కూడా చలే అనుకుంటాం.

విజయవాడలో మా పెదనాన్నకి రెండు లారీలుండేవి. దారిలో ఎక్కడాగినా క్లీనరు ఇనప రాడ్డు పట్టుకుని పది టైర్లూ కొట్టుకుంటూ చుట్టూ తిరిగేవాడు. వెనక జంట చక్రాల్లో లోపలిది కంటికి కనపడదు, శబ్దమే చెప్పాలి. మొన్న ఫోన్లో ఈ కథంతా చెప్తే పెదనాన్న, "ఒరే, దిగి ఓ తన్ను తన్ని చూడకపోయావా" అన్నారు. ఆయన మీద ఎంత గౌరవమున్నా, కారుకి ఈ వైద్యం పనిచెయ్యదు. లారీ టైర్లో వంద పౌన్లుంటాయి, పోతే మోత మారుతుంది. నా కారు టైర్లలో ఒకటి 32లో, ఒకటి 23లో పెట్టి వాకిట్లో తన్ని చూశాను. నాకైతే రెండూ ఒక్కలాగే మోగాయి. కంటికీ ఒక్కలాగే ఉన్నాయి. పక్కింటాయన కిటికీలోంచి చూస్తున్నాడని ఆపేశాను.

ఇంటి దగ్గరున్న వాళ్ళకి ఓ మాట. 2020లో మన కేంద్ర ప్రభుత్వం ఓ వెసులుబాటిచ్చింది: ట్యూబులేని టైర్లు, ఈ హెచ్చరిక ఏర్పాటు, పంక్చరు కిట్టు ఉంటే కారులో స్టెప్నీ పెట్టకపోయినా ఫరవాలేదు. డిక్కీలో చోటు మిగులుతుంది, నిజమే. కానీ ఆ కిట్టు ట్రెడ్‌లో దిగిన మేకుకి పనికొస్తుంది, పక్కగోడ చీలితే ఏమీ చెయ్యలేదు. మన గతుకుల్లో ఏది ఎక్కువో మీకే బాగా తెలుసు. స్టెప్నీ లేని కారు కొనేటట్టయితే, షోరూమువాణ్ణి ఆ దీపం వెనక నిజంగా కొలిచే మీటరుందా, లేక చక్రాల వేగం చూసి ఊహించేదా అని అడగండి. నా మటుకు నేను డబ్బెక్కువైనా నాలుగు చక్రాలకీ నాలుగు అంకెలు చూపించేదే కొంటాను. ఇంకో మంచి సంగతేమిటంటే అక్కడ బంకులో కుర్రాడు "ఎంత కొట్టమంటారు సార్?" అని అడుగుతాడు. ఇక్కడ కాలిఫోర్నియా లాంటి చోట్ల తప్పిస్తే గాలికీ డాలరూ రెండు డాలర్లూ యంత్రంలో వెయ్యాలి, గడ్డకట్టే చలిలో మోకాళ్ళ మీద కూర్చుని మనమే కొట్టుకోవాలి. దీపాలు ఆర్పేసే బుద్ధి పుట్టేది అక్కడే.

పదకొండు డాలర్లు పెట్టి ఓ గేజి కొన్నాను. అది మా ఆవిడ కారులోనే ఉంటుంది, నన్ను ముట్టుకోనివ్వదు. పోయిన ఆదివారం పొద్దున్నే, బండి కదపకముందు, ఆవిడ కొలిచి అంకెలు చదువుతుంటే మా వాడు కాగితం మీద రాశాడు: 32, 31, 32, 29. వెనక కుడిది ఎందుకు తగ్గిందో చూపించడానికి శనివారం షాపుకి తీసుకెళ్తున్నాం. మీట ఎవరూ నొక్కలేదు.