జిహ్వకు తెలియని మాధుర్యము

ఒకే పాత్రలోని చక్కెరపొంగలి ఒక భక్తునికి మొగము మొత్తునంత తీపి; ప్రక్కనున్నవానికి బెల్లము చాలలేదు. ఇద్దరూ సత్యమే పలుకుచున్నారు. మధుర రసమును గ్రహించు శక్తి అందరి నాలుకలకు సమానము కాదు. అది కొంత జన్మతః వచ్చును, కొంత అభ్యాసముచేత మారును.

దీనినిబట్టి నాలుక మందమైనవాడు అధికముగా తిని మధుమేహమునకు లోనగుననియు, సూక్ష్మజిహ్వ గలవాడు సురక్షితుడనియు కొందరు నిర్ణయించుచున్నారు. వినుటకు ఇంపైన ఈ వాదము నిలువదు. తీపిని గుర్తించుట వేరు, దానిని కోరుట వేరు. మొదటిది ఇంద్రియధర్మము, రెండవది రాగము. ఫ్రాన్సు దేశపు శరీరధర్మ శాస్త్రజ్ఞుడు మిషెల్ కబనాక్ 1971లో ప్రకటించిన వ్యాసమున ఈ భేదము చక్కగా కనిపించును. ఉపవాసముతో నున్నవారికి ఇంపైన తీపినీరే, గ్లూకోజు త్రాగిన కొంతసేపటికి వెగటైనది. నాలుక మారలేదు, ఆకలి మారినది. విషయములు తొలగినను వాటియందలి రుచి నిలిచియుండునని గీత ద్వితీయాధ్యాయము హెచ్చరించినది కూడ ఈ రెండవదానిని గూర్చియే కదా!

ఇక రక్తము సంగతి. పొడపత్రి ఆకు నమిలి చక్కెర నోట వేసికొన్నచో ఇసుక నమిలినట్లుండును. మధునాశిని యను సంస్కృత నామము దానికి ఊరక రాలేదు. ఆ కొంతసేపు నాలుకకు తీపి తెలియనంత మాత్రమున మ్రింగిన చక్కెర రక్తమును చేరక మానునా? మధురమును గుర్తించు గ్రాహకములు ప్రేగులలోను కలవని నేటి శాస్త్రము చెప్పుచున్నది. అచ్చటి వ్యవహారము మన ఎరుకకు అందదు.

నేను నిత్యము చూచు వింత యొకటి కలదు. మధుమేహము గల భక్తుడు చక్కెరపొంగలిని కన్నులకద్దుకొని ప్రక్కవారికిచ్చును. పులిహోర మాత్రము రెండు మారులు పెట్టించుకొనును, దద్ధ్యోజనమునకు మరల వచ్చును. పులుపు, కారము తగిలిన నాలుక అందు తీపి లేదనుచున్నది. కాని అన్నములోని పిండిపదార్థము జీర్ణమై గ్లూకోజుగానే మారును. ఆయుర్వేదము శాలిధాన్యమును మధుర రసము గలదానిగా ఏల లెక్కించెనో ఇచ్చట ఆలోచింపవలెను. చరక సంహిత ప్రమేహ కారణములలో బెల్లపు పదార్థములతో పాటు పెరుగును, క్రొత్త ధాన్యమును, కదలక కూర్చుండు సుఖమును, నిద్రాసుఖమును చేర్చినది. నాలుక ఒక్కదానిమీదనే నేరము మోపలేదు. (చక్కెరకు బదులు బెల్లమైనచో దోషము లేదనువారు ఎక్కువగుచున్నారు. బెల్లములోను అధికభాగము ఆ చక్కెరయే.)

కనుక నా అభిప్రాయము ఇది. ప్రసాదము కణమాత్రమైనను ప్రసాదమే. దొన్నె నిండుగా పెట్టించుకొనుట భక్తికి ప్రమాణము కాదు. తక్కువ చాలునన్నవారిని అపచారమని బెదరించుట అర్చకునికి తగదు, దాతకు అసలే తగదు. నైవేద్యమునకు శాస్త్రము శుచిని, శ్రద్ధను కోరినది కాని సేరుకు ఇంత బెల్లమను పట్టుదలను కోరలేదు. ఇన్సులిన్ గాని, చక్కెర తగ్గించు మాత్రలు గాని వాడువారు ఏకాదశినాడు వైద్యుని అడుగక నిరాహారముగా నుండరాదు. రక్తమున చక్కెర మితిమీరి పడిపోయినచో స్పృహ తప్పవచ్చును. స్పృహ తప్పకముందే, మ్రింగగలిగిన వేళ, నోట వేయవలసినది చక్కెరయే.