రక్తం ఎప్పుడిచ్చారు?

‘‘డాక్టర్‌గారూ, రిపోర్టు వాట్సాప్‌లో పెట్టానండీ. టీఎస్‌హెచ్ ఎనిమిది వచ్చింది.’’

‘‘చూశానమ్మా. మాత్ర రోజూ వేసుకుంటున్నారా?’’

‘‘ఒక్క రోజు కూడా మానలేదండీ.’’

‘‘అయితే 75 ఆపేసి 100 మొదలుపెట్టండి. రెండు నెలలయ్యాక మళ్లీ రక్తం ఇవ్వండి.’’

రెండు నిమిషాల్లో అయిపోయింది. ఇలాంటి మాటలు ఈమధ్య చాలా ఇళ్లలో వినిపిస్తున్నాయి. పేషెంటు తణుకులో, డాక్టరు హైదరాబాద్‌లో, రక్తం తీసుకెళ్లే కుర్రాడు మోటారు సైకిల్ మీద. ఎవరి పని వాళ్లు సరిగ్గానే చేశారు. అయితే ఒక్క సంగతి డాక్టరుగారు అడగలేదు, ఈవిడ చెప్పలేదు. రక్తం తక్కువగా ఉందని ఇంకో డాక్టరు రాసిన ఐరన్ మాత్రనీ, థైరాయిడ్ మాత్రనీ ఆవిడ పొద్దున్నే ఒకే గుక్కలో మింగేస్తోందనుకోండి. ఐరన్ ఆ మందును పేగుల్లోనే పట్టేసుకుంటుంది. ఒంటికి అందేది తగ్గిపోతుంది. థైరాయిడ్ హార్మోన్ తగ్గినప్పుడు మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది కాబట్టి రిపోర్టులో అంకె పైకి వెళ్తుంది. డోసు చాలడం లేదనుకుని పెంచారు. కొన్నాళ్లకి ఐరన్ కోర్సు అయిపోతుంది. అప్పట్నుంచి 100 మాత్ర అడ్డం లేకుండా ఒంటికి పడుతుంది. ఇక గుండె దడ, నిద్ర పట్టకపోవడం, చేతుల వణుకు. ఇది ఏళ్ల తరబడి సాగితే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు.

ఎదురుగా కూర్చున్న డాక్టరు మెడ తడిమి చూస్తాడు, నాడి పట్టుకుంటాడు, చేతులు చాపమంటాడు. ఫోన్లో ఆ వీలు లేదు. ఆయన చేతిలో ఉండేది ఆ కాగితం ఒక్కటే. 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు తెచ్చాక ఈ పద్ధతి బాగా విస్తరించింది. ప్రభుత్వం నడిపే ఈ-సంజీవని కూడా ఉంది. దూరాభారం తగ్గింది, బస్సు చార్జీలు మిగిలాయి, కాదనలేం. ఫోన్లో తేలదనిపిస్తే పేషెంటును నేరుగా చూపించుకోమనాలని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. ఆ ముక్క చాలామందికి గుర్తుండదు.

థైరాక్సిన్ సంగతే ఇంకొంచెం చూద్దాం. ఇది నిదానమైన మందు. ఒంట్లో ఉన్నది సగానికి తగ్గడానికే వారం పడుతుంది. అందుకే డోసు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయిస్తారు. ఆత్రం కొద్దీ మూడో వారంలోనే చేయిస్తే వచ్చేది పాత డోసుకీ కొత్త డోసుకీ మధ్య ఎక్కడో ఉన్న అంకె. దాన్ని పట్టుకుని మళ్లీ డోసు మార్చారంటే కథ మొదటికొస్తుంది. గర్భిణుల విషయం వేరు. సగం నెలలు గడిచేదాకా నాలుగు వారాలకోసారి చూడాల్సిందే.

మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట వరకూ ఏమీ తినకూడదు. మనవాళ్లకి కష్టమల్లా కాఫీ దగ్గరే! మాత్ర వెనకాలే కాఫీ తాగితే మందు ఒంటపట్టడం తగ్గుతుంది. ఐరన్, క్యాల్షియం మాత్రలకైతే నాలుగు గంటల ఎడం కావాలి. టీ4 కూడా చూస్తున్నప్పుడు ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోవడం మంచిది. మాత్ర వేసుకున్న కొద్ది గంటలపాటు టీ4 కాస్త ఎక్కువ కనిపిస్తుంది.

జుట్టు రాలుతోందని కొనుక్కునే మాత్రల గురించి డాక్టరుకు ఎవరూ చెప్పరు. అది మందేమిటి, విటమినే కదా అనుకుంటారు. వాటిలో బయోటిన్ ఉంటుంది. మనిషికి రోజుకు 30 మైక్రోగ్రాములుంటే చాలు. ఈ మాత్రల్లో 5, 10 మిల్లీగ్రాములుంటాయి. అంటే వందల రెట్లు. కొన్ని ల్యాబ్ యంత్రాలు పరీక్షకు ఇదే బయోటిన్‌ను వాడుకుంటాయి కాబట్టి లెక్క తప్పుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా, టీ4 ఎక్కువగా చూపిస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లోనే దీని మీద హెచ్చరిక చేసింది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపేయమని థైరాయిడ్ నిపుణులు చెబుతారు.

అసలు టీఎస్‌హెచ్‌నే నమ్మకూడని వాళ్లూ ఉన్నారు. కాన్పు సమయంలో విపరీతంగా రక్తం పోయిన కొందరిలో పిట్యూటరీ గ్రంథి దెబ్బతింటుంది. షీహాన్ సిండ్రోమ్ అంటారు. వాళ్లలో టీఎస్‌హెచ్ చూడటానికి మామూలుగానే ఉండొచ్చు, థైరాయిడ్ హార్మోన్ మాత్రం తక్కువే. ఫ్రీ టీ4, కార్టిసాల్ కూడా చూడాలి. కార్టిసాల్ లోటు సరిచేయకుండా థైరాక్సిన్ మొదలుపెడితే ప్రాణం మీదకు రావచ్చు. ఎప్పుడో జరిగిన కాన్పు గురించి ఫోన్లో ఎవరు అడుగుతారు? మీరే చెప్పాలి.

టెస్టోస్టెరాన్ దగ్గర గడియారంతో పాటు క్యాలెండర్ కూడా కావాలి. లోపం ఉందని తేల్చడానికే రెండు వేర్వేరు రోజుల్లో పొద్దున పూట రక్తం పరీక్షించాలి. సాయంత్రానికి సహజంగానే తగ్గే హార్మోన్ అది. ఇక ఇంజక్షన్లు మొదలయ్యాక, రెండు మూడు వారాలకోసారి తీసుకునే రకమైతే, సూది పడిన కొద్ది రోజులకు శిఖరం మీద ఉంటుంది, మళ్లీ సూది వేసే ముందు లోయలో ఉంటుంది. ఏ రోజు రక్తం ఇచ్చారో తెలియకపోతే ఆ అంకె ఎందుకూ కొరగాదు. దీనికి తోడు హెమటోక్రిట్ చూడాలి. టెస్టోస్టెరాన్ ఎర్ర రక్తకణాలను పెంచి రక్తాన్ని చిక్కబరుస్తుంది. 54 శాతం దాటితే మందు ఆపి, తగ్గేదాకా ఆగుతారు. జిమ్‌లో ఎవరో చెప్పారని మొదలుపెట్టినవాళ్లు ఈ పరీక్ష పేరే విని ఉండరు. వీర్యకణాలు పడిపోతాయన్న సంగతీ పిల్లల కోసం డాక్టరు దగ్గరికెళ్లినప్పుడే తెలుస్తుంది.

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఇది మరీ అవసరం. హైదరాబాద్ నారాయణగూడలో 2021లో వాళ్ల కోసమే తెరిచిన మిత్ర్ క్లినిక్, అమెరికా సాయం ఆగిపోవడంతో 2025 మొదట్లో మూతపడింది. తర్వాత టాటా ట్రస్ట్స్ చేయూతతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరుచుకుంది. అలాంటి చోటు అన్ని ఊళ్లలో లేదు కాబట్టి ఫోనే దిక్కు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి పరీక్షలు ఉండాలంటారు. కానీ ల్యాబ్ ఫారంలో ఆడ, మగ అని గడులుంటాయి. టెస్టోస్టెరాన్ మీద ఉన్న ట్రాన్స్ పురుషుడికి హిమోగ్లోబిన్ 16 ఉండటం వింత కాదు. ఫారంలో ‘ఆడ’ అని ఉంటే కంప్యూటర్ దాన్ని ఎక్కువని ముద్ర వేస్తుంది. ఈస్ట్రడయాల్ జెల్ రాసుకున్న చేతి నుంచే రక్తం తీస్తే అంకె అబద్ధంగా ఆకాశానికెక్కుతుంది. స్పైరనోలాక్టోన్ వాడే ట్రాన్స్ మహిళలకు పొటాషియం చూడాలి. ఆ శాంపిల్ వెంటనే ల్యాబ్‌కు చేరకుండా గంటలకొద్దీ సంచిలో కుదుపులు తింటూ తిరిగితే, కణాల్లోంచి పొటాషియం బయటికొచ్చి ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అవసరమైన మందు అనవసరంగా ఆగిపోతుంది.

ఇన్ని పరీక్షలు కలిపి ఇంత తక్కువకే అనే ప్యాకేజీల మీద నాకు పెద్ద మోజు లేదు. అడగని అంకెలు బోలెడు వస్తాయి, కావలసిన హెమటోక్రిట్ వెతుక్కోవాలి. అదే డబ్బుతో డాక్టరు అడిగిన రెండు పరీక్షలు, ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయిస్తే పోల్చుకోవడం తేలిక. ట్యూబు మీద పేరు రాసే కుర్రాడి దగ్గర పెన్ను ఎలాగూ ఉంటుంది. రక్తం తీసిన టైము కూడా వేయమనండి. రిపోర్టు ఫోటో పంపేటప్పుడు దాని కింద ఒక వరుస టైప్ చేయండి... చివరి మాత్ర ఎన్నింటికి, చివరి సూది ఏ తారీఖున, ఇంకా ఏమేం మింగుతున్నారు.