మగ్గం మీద ఇరవై అంకెలు

సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాల చప్పుడు మధ్య తెలుగు మాటలు వినిపిస్తాయి. తెలంగాణ పల్లెల నుంచి బతుకుదెరువు కోసం వెళ్లిన పద్మశాలీలు అక్కడ ఎప్పుడో స్థిరపడ్డారు. జకార్డ్ మగ్గం సూత్రం చాలా సులువు. పడుగు పోగు లేస్తుంది లేదా లేవదు. మూడో మాట లేదు. పోగుల్ని లేపే కొక్కేలు 64 ఉంటే వాటిని ఎన్ని రకాలుగా లేపవచ్చు? ఏ కొక్కెమూ లేవని ఒక్క సందర్భాన్నీ వదిలేస్తే జవాబు 1,84,46,74,40,73,70,95,51,615.

ఇది తెలుగువారికి పాత చుట్టమే. చదరంగం బల్లపై మొదటి గడిలో ఒక గింజ, ఆపై గడిగడికీ రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తం ఇదే. దీన్ని భూతసంఖ్యల్లో పొదిగిన తెలుగు పద్యం ప్రచారంలో ఉంది. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, ఆకాశమంటే 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి రాసుకుంటూ పోతే 20 అంకెలూ పొల్లుపోకుండా వస్తాయి.

మరి ఈ సంఖ్య ఏ జాతిది? చివర 5 ఉంది కాబట్టి 5తో తెగుతుంది. అంకెల మొత్తం 87 కనుక 3తోనూ తెగుతుంది. పూర్తిగా విడగొడితే తేలేవి ఏడు ప్రధాన సంఖ్యలు: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఏదీ రెండోసారి రాదు. అందుకే దీని భాజకాలు సరిగ్గా 128. తనను మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడినా తనంత కాదు. అంటే ఇది 'న్యూన' సంఖ్య.

అసలు మలుపు 641 దగ్గరుంది. 3, 5, 17, 257, 65,537 ఒకే సూత్రం నుంచి పుట్టిన ప్రధాన సంఖ్యలు. ఆ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. వరసలో ఆరోదైన 4,29,49,67,297ను 641 నిశ్శేషంగా భాగిస్తుందని 1732లో ఆయిలర్ తేల్చాడు. అయిదుసార్లు నిజమైనంత మాత్రాన ఆరోసారీ నిజం కానక్కర్లేదు. ఆ తర్వాత ఆ వరసలో మరో ప్రధాన సంఖ్య నేటికీ దొరకలేదు.

ఈ పాఠం పుస్తకాలకే పరిమితం కాదు. సూరత్ వజ్రాల వ్యాపారి ఆన్‌లైన్‌లో పంపే సొమ్ముకైనా, మగ్గం కార్మికుడు ఊరికి పంపే కూలి డబ్బుకైనా కాపలా కాసే సంకేత పద్ధతుల్లో కొన్ని ఒకే నమ్మకంపై నిలబడ్డాయి. వందల అంకెల సంఖ్యను విడగొట్టడం ఎవరి తరమూ కాదన్నదే ఆ నమ్మకం. చదరంగం సంఖ్య తేలిగ్గా లొంగింది దాని అల్లిక బయటికి కనిపిస్తుంది కాబట్టి. తాళాలకు వాడే సంఖ్యల్లో అల్లిక కనిపించకుండా జాగ్రత్త పడతారు. కానీ వాటిని వేగంగా విడగొట్టే దారి మామూలు కంప్యూటర్లకు లేనే లేదని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు. ఫెర్మా దగ్గరా లేనిది ఆ రుజువే.