పగిలిన క్రేటు: పారేద్దామా, వారంటీ అడుగుదామా?



ఈసారి మిర్చి రేటు గురించీ రాయట్లేదు, పత్తి గురించీ రాయట్లేదు. మనం కాయగూరలు కోసి బండికెక్కించే ప్లాస్టిక్ క్రేట్ల గురించి రాస్తున్నా. కొందరు ట్రేలంటారు, కొందరు బాక్సులంటారు. కొన్న ఏడాదిలోపే చెవి విరుగుతుంది, లేదా మూల పగులుతుంది. బిల్లు మీద ఏమో "ఒక సంవత్సరం వారంటీ" అని ఉంటుంది. ఇప్పుడు మనం ఏం చెయ్యాలి? బైండింగ్ వైరు పెట్టి కుట్టేసి వాడుకోవాలా, పాత సామాన్లవాడికి కిలో లెక్కన వేసెయ్యాలా, షాపుకి తీసుకెళ్ళి మార్చమని అడగాలా?

మా ఊళ్ళో పదిమందిని అడిగితే తొమ్మిది మంది "పోనీలే, ఎవడు తిరుగుతాడు" అనే అన్నారు. నేను మాత్రం అడగాలనే అంటాను. అయితే ప్రతి పగుల్నీ కాదు. ఏది అడగొచ్చో ఏది అడగకూడదో కూడా రాస్తాను, పూర్తిగా చదవండి.

ముందు డబ్బు లెక్క చూద్దాం. ఒక క్రేటు 300 రూపాయలు అనుకుందాం. ఒక్కటి పగిలిందని అమరావతి నుంచి గుంటూరు పోవాలంటే ముప్పై కిలోమీటర్ల పైనే. రానుపోను ఛార్జీలు, ఒక పూట పని పోయినట్టు, మధ్యలో టీ, టిఫిను. క్రేటు రేటు అక్కడికే సరిపోయింది. ఒక్క క్రేటుకైతే "పోనీలే" అన్నవాళ్ళ లెక్క కరెక్టే, నేను కాదనను.

కానీ మనం ఒక్కటి కొనం కదా. నలభై, యాభై కొంటాం. అందులో ఏడు పగిలితే 2,100 రూపాయలు. ఊళ్ళో అదే సరుకు కొన్నవాళ్ళు నలుగురుంటే ఎనిమిది వేల పైమాట. దానికి ఒక్క మనిషి ఒక్కసారి వెళ్ళొస్తే చాలు. కాబట్టి విడివిడిగా వెళ్తే నష్టం, కలిసి వెళ్తే లాభం.

ఇంకో మాట. వారంటీ అనేది కంపెనీవాడు మనకి చేసే దానమేం కాదు. వారంటీ ఉన్న క్రేటుకి వాడు ఎక్కువ రేటు వేస్తాడు, ఏ పేరూ లేని క్రేటు తక్కువకి దొరుకుతుంది. మనం ఆ తేడా ఇచ్చి కొన్నాం. కొన్నాక అడగకపోతే ఆ తేడా డబ్బులు ఊరికే వదిలేసినట్టే. అడగే ఉద్దేశం లేనివాళ్ళు మొదట్లోనే చౌకది కొనుక్కోవడం మేలు.

అయినా మనవాళ్ళు ఎందుకు అడగరు? తిరగలేక అని పైకి చెప్తారు గానీ నేను చూసినంతలో అసలు సంగతి వేరే. మనకి ఆ షాపులో ఖాతా ఉంటుంది. ఎరువులు, మందులు, తాళ్ళు, పట్టాలు అన్నీ అక్కడే అరువు. పంట వచ్చాక కడతాం. అరువున్న చోట గొంతు లేవదు. "ఏంది అన్నా, మూడొందల డబ్బాకి ఇంత రాద్ధాంతమా?" అని షాపాయన ఒక్క మాటంటే మనం తల దించుకుని వచ్చేస్తాం. వచ్చే కారుకి మందులియ్యడేమోనని లోపల భయం. పెద్దవాళ్ళు కూడా "పోరు నష్టం, పొందు లాభం" అనే చెప్తారు.

ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఒకటి ఆలోచించండి. క్రేటు తయారు చేసింది షాపాయన కాదు. ఆయన దగ్గరికీ కంపెనీ మనిషి వస్తాడు, ఆర్డరు తీసుకుంటాడు. "మా రైతుల దగ్గర ఇన్ని పగిలాయి, ఇదిగో ఫోటోలు" అని చెప్పడానికి ఆయన చేతిలో ఏదన్నా ఉండాలి కదా. మనం ఎవరం చెప్పకపోతే ఆయన అదే సరుకు మళ్ళీ దించుతాడు, మనం మళ్ళీ కొంటాం. కాబట్టి గొడవకి వెళ్ళినట్టు వెళ్ళొద్దు. "బాబాయ్, ఇది నీ తప్పు కాదు. కంపెనీకి పంపు, వాళ్ళేమంటారో రాతలో చెప్పించు" అని అడగండి. అట్టా అడిగితే మొహం చిట్లించే షాపులు తక్కువ.

ఇప్పుడు మనవైపు సంగతి. అన్నీ కంపెనీ మీదికి నెట్టడం న్యాయం కాదు. 20 కిలోల క్రేటులో అంచు దాటి కుప్పగా పోస్తాం. పై క్రేటు బరువు కింది క్రేటు అంచు మీద కూర్చోవాలి, కాయ మీద కాదు. కుప్పగా పోస్తే అంచు సరిగ్గా పడక ఒక పక్కకి ఒరుగుతుంది, మూల విరుగుతుంది. బండి మీదనుంచి కిందికి విసిరేస్తాం. ఇంటి దగ్గర బోర్లించి కూర్చుంటాం, దాని మీదెక్కి ఫ్యాను బిగిస్తాం. ట్రాక్టరు వెనక్కి తీస్తూ చక్రం ఎక్కిస్తాం. ఇట్టా పగిలినవి వారంటీ కింద అడక్కండి. ఒక్కడు అబద్ధం చెప్పి మార్పించుకుంటే తర్వాత నిజంగా పగిలినవాణ్ణి కూడా దొంగలాగే చూస్తారు. ఆ మచ్చ ఊరంతటికీ పడుతుంది.

మరి తయారీ లోపమని ఎట్టా తెలుస్తుంది? నాకు తెలిసిన గుర్తులు చెప్తా.

ఒకటి, పగులు ఎక్కడుందో చూడండి. మన మోటు వాడకం వల్లయితే ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ, తలా ఒక చోట పగులుతాయి. పది క్రేట్లలో నాలుగు సరిగ్గా ఒకే చెవి దగ్గర, ఒకే మూలన పగిలాయంటే అనుమానించాల్సింది అచ్చునే. కరిగిన ప్లాస్టిక్ రెండు వైపులనుంచి వచ్చి కలిసే చోట సరిగ్గా అతక్కపోతే అక్కడ సన్న గీత ఉండిపోతుంది. బరువు పడగానే ఆ గీత వెంటే విడుతుంది.

రెండోది, ఎండ. మన పల్నాడు ఎండ సంగతి వేరే చెప్పాలా? ఎండాకాలం వస్తే రెంటచింతల పేరు పేపర్లో పడాల్సిందే. ప్లాస్టిక్‌లో ఎండని తట్టుకునే మందు కలపకపోతే, అదే యూవీ స్టెబిలైజర్ అంటారు, అది పైకి బాగానే కనపడుతుంది గానీ లోపల పెళుసుబారుతుంది. రంగు వెలిసి, చేత్తో రుద్దితే పొడి రాలుతుంది. చేలో వాడే క్రేటు అని చెప్పి అమ్మినప్పుడు ఎండని తట్టుకోవాల్సిందే. "మీరు ఎండలో పెట్టారు" అని కంపెనీవాడంటే, "చేను నీడలో ఉంటదా?" అని అడగండి. నీడలోనే పెట్టాలనే షరతు ఉంటే అది అమ్మేముందే చెప్పాలి. కాకపోతే పనిలేని రోజుల్లో మనమూ కాస్త షెడ్డు కింద పెట్టుకోవాలి.

మూడోది, క్రేటు తిరగేసి అడుగు చూడండి. చాలావాటికి గుండ్రటి గుర్తు ఉంటుంది, చుట్టూ 1 నుంచి 12 దాకా అంకెలు, మధ్యలో బాణం. బాణం చూపించేది తయారైన నెల, పక్కన సంవత్సరం. మూడు బాణాల ముక్కోణంలో 2 అని ఉంటే హెచ్‌డీపీఈ, 5 అని ఉంటే పాలీప్రొపిలీన్. పగిలినవన్నీ ఒకే నెలవైతే మన మాటకి బలం వస్తుంది.

మేం నలుగురం కలిసి కొన్న సరుకులో నా వాటా నలభై. అందులో ఏడు ఒకే మూలన పగిలాయి. కంపెనీ పేరు ఇక్కడ రాయను, పోస్టు ఉద్దేశం అది కాదు. మొదట "ఎండ వల్ల" అన్నారు. ఎండకి పగిలితే అన్ని మూలలూ పగలాలి కదా అని ఫోటోలు వరసగా పెట్టి చూపించాం. మూడు వారాలకి ఏడూ మార్చి ఇచ్చారు. కొత్తగా ఇచ్చిన ఏడులో రెండు మళ్ళీ అదే మూలన పోయాయి. అందుకే ఒకే చోట చాలా పగిలినప్పుడు మార్పు వద్దు, డబ్బు వాపసు అడగాలంటాను. అదే అచ్చులోంచి వచ్చిన కొత్త క్రేటు పాతదానికి తమ్ముడే అవుతుంది. ఒకటీ అరా పగిలితే మాత్రం మార్పిడి చాలు.

షాపూ కంపెనీ రెండూ పలక్కపోతే? చట్టం ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, 2020 జులై నుంచి అమల్లో ఉంది. బిల్లు ఇవ్వకపోవడం ఆ చట్టం ప్రకారం తప్పు. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు పెట్టుకుని లోపమున్న సరుకుని వెనక్కి తీసుకోకపోవడమూ తప్పే. బిల్లులో గడువు రాసుంటే ఆ గడువు లోపల, రాయకపోతే 30 రోజుల్లోపల తీసుకోవాలి.

ఇక్కడ కంపెనీ వాళ్ళు ఒక మెలిక పెడతారు. "మీరు కాయగూరలు అమ్ముకునే వ్యాపారులు, వినియోగదారులు కాదు" అంటారు. దీనికి జవాబు చట్టంలోనే ఉంది. సొంతంగా పనిచేసుకుని బతుకుతెరువు కోసం వాడుకునే వస్తువు వ్యాపార అవసరం కిందికి రాదు. పైగా మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులు నాసిరకం విత్తనాల మీద జాతీయ విత్తన సంస్థతో సుప్రీంకోర్టు దాకా పోరాడారు. మధుసూదన్ రెడ్డి కేసు అంటారు. 2012 జనవరిలో తీర్పొచ్చింది. పండించిన విత్తనాన్ని తిరిగి ఆ సంస్థకే అమ్మే ఒప్పందమున్నా సరే, రైతు వినియోగదారుడేనని కోర్టు తేల్చింది.

ఆ కేసులో ఇంకో వాదన కూడా వచ్చింది. విత్తనాన్ని ల్యాబులో పరీక్ష చేయించలేదు కాబట్టి ఫిర్యాదు చెల్లదన్నారు. కొన్న విత్తనమంతా చేలో చల్లుకునే రైతు, పరీక్ష కోసం కొంత దాచి ఉంచుతాడని అనుకోలేమని కోర్టు దాన్ని ఒప్పుకోలేదు. చూడండి, భూమిలో కలిసిపోయిన విత్తనం మీదే మనవాళ్ళు గెలిచారు. క్రేటైతే పగిలి మన కళ్ళముందే ఉంది. సాక్ష్యం చేతిలో పెట్టుకుని మనం దాన్ని పాత సామాన్లవాడికి వేస్తున్నాం!

అందుకని పగలగానే చెయ్యాల్సినవి: వైరుతో కుట్టకముందే ఫోటో తీయండి. పగిలిన చోటు ఒకటి, అడుగున ఉన్న నెల గుర్తు ఒకటి, క్రేటు మొత్తం ఒకటి. ముక్క పారెయ్యొద్దు. కొనేటప్పుడే జీఎస్టీ బిల్లు తీసుకుని, వారంటీ ఎన్ని నెలలో దాని మీదే రాయించుకోండి. "నాది గ్యారంటీ అన్నా" అనే నోటిమాట రేపు అక్కరకి రాదు. బిల్లు కూడా ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి, కాగితం మీద అచ్చు ఆర్నెల్లకి వెలిసిపోతుంది. షాపుకి చెప్పిన మాట వాట్సాప్‌లో కూడా పంపండి, తేదీ ఉంటుంది.

వాళ్ళు పలక్కపోతే 1915 కి ఫోను చెయ్యండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులోనూ మాట్లాడొచ్చు. చాలా చిన్న తగాదాలకి కంపెనీతో మాట్లాడించడం అక్కడే జరుగుతుంది. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన డబ్బు 5 లక్షల్లోపైతే ఫిర్యాదుకి ఫీజు లేదు. వకీలుని పెట్టుకోవాలనే రూలూ లేదు. కంపెనీ ఏ రాష్ట్రంలో ఉన్నా మీరుండే చోటే వేసుకోవచ్చు. గడువు రెండేళ్ళు. క్రేట్ల కోసం అందరూ కమిషన్‌కి ఎక్కాలని నేననట్లేదు. ఆ దారి ఉందని మనకి తెలుసని అవతలివాడికి తెలిస్తే చాలు, మాట తీరు మారుతుంది.

"ఇంతా చేసి మూడొందల డబ్బా కోసమా?" అని కామెంట్లో రాసేవాళ్ళకి ముందే చెప్తున్నా. ఇయ్యాళ క్రేటుకి బిల్లు దాచడం, ఫోటో తీయడం, నలుగురం కలిసి అడగడం అలవాటైతే రేపు మోటారుకి, స్ప్రేయరుకి, డ్రిప్పు పైపుకి, మిర్చి విత్తనానికి అదే అలవాటు పనికొస్తుంది. విత్తనం దెబ్బకొడితే ఎకరానికి ఎంత పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆరోజు బిల్లు కోసం ఇల్లంతా వెతికితే లాభం లేదు. చిన్నదానికే అడగలేనివాడికి పెద్దదాని దగ్గర నోరు పెగలదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక కంపెనీవాడు పెడతాడా?

మీ దగ్గర ఈ ఏడాది కొన్న క్రేట్లు పగిలి ఉంటే కింద ఫోటో పెట్టండి. పగిలిన చోటు, అడుగున నెల గుర్తు రెండూ కనపడాలి. షాపుల్ని, కంపెనీల్ని తిట్టడం వద్దు. ఒకే నెల సరుకు ఒకే మూలన పదిమంది దగ్గర పగిలిందని తేలితే, అందరి బిల్లులూ కలిపి ఒకే కాగితం రాసి పంపుదాం. కాగితం రాసే పని నేను చూసుకుంటా.