శ్రమ దినాలు: ఎవరి శ్రమ?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో బిర్యానీకి పిలిస్తే మీ ఫ్రెండ్ ఎవరైనా "ఇప్పుడు కాదు, ఈస్టర్ అయ్యాక చూద్దాం" అన్నారా? అయితే వాళ్లింట్లో లెంట్ నడుస్తున్నట్టే.

2026లో ఇది శివరాత్రి జాగారం అయిన మూడో రోజు, ఫిబ్రవరి 18న మొదలైంది. రంజాన్ ఉపవాసాలూ ఆ వారంలోనే వచ్చాయి. ఏప్రిల్ 5 ఈస్టర్. మధ్యలో లెక్కేస్తే 46 రోజులు వస్తాయి. ఆదివారం యేసు తిరిగి లేచిన రోజు కాబట్టి ఆరు ఆదివారాలూ ఉపవాసం కిందకి రావు. మిగిలినవి 40. అరణ్యంలో యేసు ఏమీ తినకుండా గడిపిన రోజులకు అది గుర్తు.

మా గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఆర్‌సీఎం వాళ్లు దీన్ని తపస్సు కాలం అంటారు. విబూది బుధవారం నాడు ఫాదర్ నుదుట బూడిదతో సిలువ గుర్తు వేస్తారు. పోయినేడు మట్టల ఆదివారం నాటి మట్టల్ని కాల్చిన బూడిదే అది. పీఠం మీద ఊదా రంగు గుడ్డ పరుస్తారు. పూజలో అల్లెలూయ పాడరు. శుక్రవారాలు సిలువ మార్గం, అంటే 14 స్థలాల దగ్గర ఆగి ప్రార్థన. చాలా ఇళ్లలో నీచు వండరు, పెళ్లిళ్లు పెట్టుకోరు. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా సిలువ మీది ఏడు మాటల ధ్యానం. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు.

లూథరన్ ఇళ్లలో మాత్రం దీని పేరు శ్రమ దినాలు. నాకు ఇష్టమైన పేరు ఇదే. ఇక్కడ శ్రమ అంటే క్రీస్తు పడిన బాధ. కానీ మనం రోజూ వాడే తెలుగులో శ్రమ అంటే కాయకష్టం. సరిగ్గా ఈ నలభై రోజులే మా దగ్గర మిరపకోతలు!

చీర మీద మగవాళ్ల పాత చొక్కా వేసుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, పొద్దున్నే ముఠాలు చేలల్లో దిగుతాయి. కాయ ఘాటుకి సాయంత్రం చేతులు భగభగ మండుతుంటాయి. ఒకసారి మా పిన్నిని అడిగా, "పిన్నీ, ఉపవాసం ఉండి ఈ ఎండలో కాయలెట్టా కోస్తావే?" అని. "ఏసయ్య సిలువ మొయ్యలా? నేను టిక్కీ మొయ్యలేనా?" అంది.

ఆ మాట వినడానికి బాగుంటుంది. కానీ పిన్ని ఒంటి మీద అంత బరువు పెట్టమని ఆర్‌సీఎం నియమం కూడా చెప్పదు. వాళ్లకి తప్పనిసరి ఉపవాసం రెండే రోజులు: విబూది బుధవారం, గుడ్ ఫ్రైడే. అదీ 18 ఏళ్లు నిండి, 59 ఏళ్లు ఇంకా నిండనివాళ్లకే, ఒక పూట కడుపునిండా తినొచ్చు. జబ్బు మనుషులకీ, ఒళ్లు విరిచి కష్టం చేసేవాళ్లకీ సడలింపు ఉందని ఫాదర్లే చెబుతారు. బాప్టిస్టులకైతే లెంట్ నియమమే కాదు, ఎవరి ఇష్టం వాళ్లది.

అసలు ఈ నేలకి ఆకలి ఉపవాసంతో కొత్తగా తెలిసిందా? 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకి పనీ కూలీ ఇప్పించాడు. తిండి కోసమే చేరారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. అంటే ఇక్కడ ముందు కూలి చేతికొచ్చింది, బాప్తిస్మం తర్వాతే.

బైబిల్లో యెషయా 58వ అధ్యాయం ఒకసారి తెరవండి. ఉపవాసం ఉన్న రోజే పనివాళ్లని పిండుకుంటున్నారని ప్రవక్త జనాన్ని నిలదీస్తాడు. ఆకలిగా ఉన్నవాడితో తిండి పంచుకోవడమే దేవుడు కోరే ఉపవాసం అంటాడు. 2025లో మిర్చి ధర పడిపోయి, కేంద్రం క్వింటాకి 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. రైతు కష్టం నిజమే. కానీ ధర పడిన ఏడు "వచ్చే వారం చూద్దాంలే" అన్న మాట ముందు వినేది కోత కూలీలే.

మా అమ్మమ్మల కాలం నుంచీ ఒక అలవాటుంది. అన్నం వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి పక్కన డబ్బాలో వేస్తారు. నిండాక గుడికో, లేనివాళ్లకో ఇస్తారు. ఒక పూట మానేసిన అన్నం ఎటు పోవాలో ఆ డబ్బా చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ఇన్‌స్టా వారం రోజులు మానేశానని స్టేటస్ పెట్టే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మానండి, మంచిదే. దాంతోపాటు ఒక పని చేయండి. మీ చేలో కోతకొచ్చినవాళ్లకి నాన్న కూలి పూర్తిగా ఇచ్చారో లేదో అడగండి. బాకీ ఉంటే ఈస్టర్ దాకా ఆగకండి, ఆ రోజే ఇప్పించండి.