కింద బండే కదా, భయమేముంది?

మల్లాపూర్‌లో ఇల్లు కట్టేవాళ్ళకి బండ అంటే ఖర్చు. పునాది తవ్వుతుంటే గ్రానైట్ తగులుతుంది, దాన్ని పగలగొట్టడానికి నానా తిప్పలూ పడాలి. కానీ గట్టి బండ మీద కూర్చున్నాక నిశ్చింతే. దాని కింద ఖాళీ ఉందేమోనని ఇక్కడ ఎవరూ బెంగ పెట్టుకోరు.

చిక్కల్లా ఏంటంటే, ఇదే ధీమాని మనవాళ్ళు కడపకీ నంద్యాలకీ పట్టుకెళ్తున్నారు. అక్కడ చాలాచోట్ల ఉన్నది సున్నపురాయి. వాననీరు నేలలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని, కొంచెం ఆమ్లంగా మారి, పగుళ్ళలోంచి దిగుతూ ఆ రాతిని కరిగిస్తుంది. వేల ఏళ్ళకి పగులు కాస్తా గుహ అవుతుంది. బెలూం గుహల పొడవు 3,229 మీటర్లు. వాటికి దారి దొరికింది కాబట్టి టికెట్టు కొనుక్కుని చూస్తున్నాం. దారి లేనివాటి సంగతో?

2015 చివర్లో భారీ వానల తర్వాత కడప పక్కన చింతకొమ్మదిన్నె మండలంలో నేల ఉన్నట్టుండి కుంగి పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి. ఇలాంటి నేలలో బోర్లు నీళ్ళన్నీ తోడేస్తే లోపలి ఖాళీల పైకప్పుకి నీటి ఆసరా పోతుంది. ఆపైన కుండపోత కురిస్తే మట్టి అందులోకి జారిపోతుంది.

ఎత్తైన భవనానికి పైల్స్ వేసినా గండం గడిచినట్టు కాదు. పైల్ కొన ఆనిన బండ పలచని పైకప్పే కావచ్చు. పోసిన కాంక్రీటు గుహలోకి పోవచ్చు. కౌలాలంపూర్ పెట్రోనాస్ టవర్లకి ఇదే సమస్య వచ్చింది. మొదట అనుకున్న చోట కింద సున్నపురాయి బాగా ఎగుడుదిగుడుగా ఉందని తేలి, టవర్ల స్థానాన్నే సుమారు 60 మీటర్లు జరిపారు. పైల్స్‌ని బండ మీద ఆనించకుండా, 100 మీటర్లు దాటిన లోతుల దాకా దింపి, చుట్టూ మట్టి పట్టు మీదే నిలబెట్టారు. కింది గుహల్ని సిమెంటు ద్రావణంతో నింపారు.

మనం మాత్రం సైట్లో రెండు బోర్లు వేసిన రిపోర్టు చూసి సంతకం పెట్టేస్తాం! రెండు టెస్ట్ కేసులు పాసయ్యాయని సాఫ్ట్‌వేర్ రిలీజ్ చేస్తామా? సున్నపురాయిలో ఒక బోరు చెప్పేది ఆ బోరు గురించే. రెండు మీటర్ల అవతల ఏముందో దానికి తెలీదు. నన్నడిగితే, అక్కడ ఫ్లాట్ కొనేవాళ్ళు ప్రతి పైల్ దగ్గరా, దాని కొన కింద ఇంకొన్ని మీటర్ల దాకా డ్రిల్ చేసి చూశారా అని బిల్డర్ని నిలదీయాలి. నేలలోకి కరెంటు పంపి లోపలి తేడాలు పసిగట్టే సర్వేలూ ఉన్నాయి. ఆ విద్యలో పేరున్న ఎన్.జి.ఆర్.ఐ. మన ఉప్పల్ రోడ్డులోనే ఉంది. ముందు సర్వే, తర్వాత అనుమానం ఉన్నచోట డ్రిల్లింగు.

సొంతిల్లు కట్టుకునేవాళ్ళకి ఇంకోమాట. హైదరాబాదులో చూసి ఇంకుడుగుంతని గోడ పక్కనే తవ్వించకండి. సున్నపురాయి నేలలో నీళ్ళన్నీ ఒకేచోట దింపితే గుంతకి మనమే దారి చూపినట్టు. పునాదికి దూరంగా, తెలిసినవాళ్ళని అడిగి పెట్టించండి.

ఈ పరీక్షలకి డబ్బు అవుతుంది, నిజమే. కానీ ఇరవయ్యేళ్ళు ఈఎంఐ కట్టబోయే ఇంటికి కింద ఏముందో తెలుసుకోవడం దుబారా ఎలా అవుతుంది? గ్రానైట్ కౌంటర్‌టాప్ గురించి వారం బేరమాడేవాళ్ళం, పునాది గురించి ఒక పూట అడగలేమా?